రెస్టారెంట్‌లో టోపీ తీయాలా? దీని వెనక 350 ఏళ్ల గొడవ ఉంది!

మన తెలుగులో "టోపీ పెట్టాడు" అంటే మోసం చేశాడని అర్థం. ఈ ఎపిసోడ్‌లో మాత్రం టోపీ తీయడం గురించి మాట్లాడుకుందాం.

క్యాప్ పెట్టుకుని కాస్త ఖరీదైన రెస్టారెంట్‌కి వెళ్తే కొన్నిచోట్ల "సర్, క్యాప్ తీయండి" అంటారు. ఎందుకు అని అడిగితే "అది మర్యాద సర్" అంటారు. సరే, మర్యాదే. కానీ ఆ మర్యాద ఎక్కడ పుట్టింది? ఎవరు ఎవరి ముందు తల మీదది తీయాలి? నాకు ఆసక్తి కలిగింది ఈ రెండో ప్రశ్న దగ్గరే. ఎందుకంటే చరిత్రలోకి వెళ్లి చూస్తే ఈ టోపీ కోసం మనుషులు జైలుకి కూడా వెళ్లారు.

ముందు ఒక విషయం. ఇంట్లో, భోజనం దగ్గర టోపీ తీయాలనే రూల్ అనాదిగా ఉన్నదేం కాదు. 1660లలో లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే ప్రభుత్వ ఉద్యోగి రోజూ డైరీ రాసేవాడు. 1664 సెప్టెంబరులో ఒకరోజు ఏం రాసుకున్నాడంటే, భోజనం దగ్గర టోపీ తీసి పక్కన పడేసినందుకు తనకు జలుబు చేసిందట! అంటే అప్పట్లో మగవాళ్లు టోపీ పెట్టుకునే తినేవాళ్లు. అది తప్పు కాదు, అదే మామూలు.

మరి టోపీ ఎప్పుడు తీసేవారు? తమకంటే పెద్ద హోదా ఉన్నవాడు ఎదురైనప్పుడు. రాజు ముందు, ప్రభువు ముందు, జడ్జి ముందు. అంటే టోపీ తీయడానికి, ఇంటి లోపలా బయటా అనేదానికీ అంత సంబంధం లేదు. "నేను నీకంటే కింద" అని ఒప్పుకోవడమే దాని అసలు అర్థం.

దీన్ని ఒప్పుకోం అన్నవాళ్లు క్వేకర్లు. వీళ్లు ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. ప్రార్థనలో దేవుడి ముందు టోపీ తీస్తాం, మనిషి ముందు తీయం, మనుషులంతా సమానం అనేది వీళ్ల వాదన. ఇంకో సంగతి, మనకి నువ్వు, మీరు అనే తేడా ఉంది కదా, అలాంటిదే అప్పటి ఇంగ్లీషులోనూ ఉండేది. క్వేకర్లు ఎంత పెద్దవాడినైనా "నువ్వు" అనే పిలిచేవారు. ఎంతమందికి కాలి ఉంటుందో ఊహించుకోండి.

1670లో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరు క్వేకర్లను లండన్ వీధిలో ప్రసంగం పెట్టినందుకు అరెస్టు చేశారు. కోర్టులోకి వస్తుంటే అక్కడి మనిషి ఒకడు వాళ్ల టోపీలు తీసేశాడు. అప్పుడు లండన్ మేయర్ ఏం చేశాడో తెలుసా? మళ్లీ టోపీలు పెట్టించాడు. పెట్టించి, "కోర్టులో టోపీ ఎందుకు తీయలేదు?" అని తలా 40 మార్కుల జరిమానా వేశారు! అప్పటి లెక్కలో అది 26 పౌండ్ల పైమాటే. మామూలు మనిషికి చాలా పెద్ద మొత్తం.

అసలు కథ ఆ తర్వాత. కేసులో 12 మంది జ్యూరీ "వీళ్లు నేరం చేశారు" అని చెప్పడానికి ఒప్పుకోలేదు. వాళ్లని తిండి, నీళ్లు, చలికి నిప్పు లేకుండా రెండు రాత్రులు బంధించారు. అయినా వాళ్లు "నేరం లేదు" అన్నారు. దాంతో జ్యూరీకి కూడా జరిమానా! కట్టనందుకు జైలు. వాళ్లలో ఎడ్వర్డ్ బుషెల్ అనే ఆయన పై కోర్టుకి వెళ్లాడు. తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించకూడదు అని జడ్జి జాన్ వాన్ తేల్చి చెప్పాడు. ఇంగ్లండ్ న్యాయ చరిత్రలో ఇది పెద్ద మైలురాయి. పెన్, మీడ్ మాత్రం నిర్దోషులని తేలాక కూడా ఆ టోపీ జరిమానా కట్టనందుకు జైలుకెళ్లారు. ఈ పెన్ తండ్రి పేరు మీదే తర్వాత అమెరికాలో పెన్సిల్వేనియా వచ్చింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మన దగ్గర గౌరవం అంటే చెప్పులు విడవడం, తల కప్పుకోవడం. హైదరాబాద్‌లో నిజాం దర్బారుకి వెళ్లాలంటే తలకు దస్తార్, నడుముకు బగ్లూస్ ఉండాల్సిందే. బోడి తలతో వెళ్తే అది అమర్యాద. ఇంగ్లీషువాడికేమో బూట్లు ఉండాలి, టోపీ పోవాలి. ఈ రెండు మర్యాదలూ ఎదురుపడితే ఎవరిది నెగ్గుతుంది? అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే.

1893 మే నెలలో 23 ఏళ్ల గాంధీ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దిగారు. రెండు మూడు రోజులకే అక్కడి కోర్టుకి వెళ్తే మేజిస్ట్రేటు తలపాగా తీయమన్నాడు. గాంధీ తీయకుండా బయటికి వచ్చేశారు. గొడవెందుకు, ఇంగ్లీషు టోపీ పెట్టుకుంటే పోలా అని కూడా అనుకున్నారట. అప్పుడు ఆయన్ని పనికి పిలిపించిన వ్యాపారి దాదా అబ్దుల్లా వద్దన్నాడు. "మీరు టోపీ పెడితే తలపాగా కోసం పట్టుబడుతున్న మిగతావాళ్ల పరువు పోతుంది. పైగా మిమ్మల్ని చూసి హోటల్లో వెయిటర్ అనుకుంటారు" అనే అర్థంలో చెప్పాడు. అక్కడ ఇంగ్లీషు బట్టల్లో కనిపించే భారతీయుల్లో చాలామంది వెయిటర్లే మరి.

తర్వాతి ఏడాది బాలసుందరం అనే తమిళ కూలీ గాంధీ ఆఫీసుకి వచ్చాడు. యజమాని కొట్టిన దెబ్బలకి పళ్లు విరిగి, నోట్లోంచి రక్తం కారుతోంది. అంత నొప్పిలో కూడా అతని తలగుడ్డ చేతిలో ఉంది. ఎందుకంటే తెల్లవాళ్లని కలవడానికి వెళ్తే భారతీయ కూలీ టోపీ అయినా, పాగా అయినా, తలగుడ్డ అయినా తీసి చేత్తో పట్టుకోవాలి. రెండు చేతులతో దండం పెట్టినా చాలదు. గాంధీ ముందు కూడా అలాగే నిలబడాలేమో అనుకున్నాడు. గాంధీ మొదట అతన్ని తలగుడ్డ కట్టుకోమన్నారు. అతను మొహమాటపడుతూనే కట్టుకున్నాడు. అతని ముఖంలో సంతోషం కనిపించిందని గాంధీ తన ఆత్మకథలో రాసుకున్నారు. అలాంటి కూలీల్లో మన తెలుగువాళ్లూ వేలమంది ఉన్నారు. మద్రాసు నుంచి ఓడలెక్కి చెరకు తోటలకి వెళ్లినవాళ్లు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. అదే 1894లో నాటాల్ సుప్రీంకోర్టులో లాయరుగా ప్రమాణం చేసినప్పుడు ప్రధాన న్యాయమూర్తి అడిగితే గాంధీ తలపాగా తీసేశారు. స్నేహితులకి నచ్చలేదు. కానీ ఇంతకంటే పెద్ద పోరాటాలకి బలం దాచుకోవాలని ఆయన లెక్క. అంటే ఎప్పుడు తీయాలి, ఎప్పుడు తీయకూడదు అనేది ఆయన తనే నిర్ణయించుకున్నారు. బాలసుందరానికి ఆ అవకాశమే లేదు.

తెల్లవాళ్లనే అనుకోకండి. తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాల్సి వచ్చేది. వస్తువు వేరు, విషయం ఒకటే.

ఇక రెస్టారెంట్ సంగతి. 1922లో అమెరికాలో ఎమిలీ పోస్ట్ రాసిన మర్యాదల పుస్తకం చూస్తే నవ్వొస్తుంది. లిఫ్టులోకి ఒక స్త్రీ వస్తే మగవాడు టోపీ తీయాలట. బయట వరండాలోకి రాగానే మళ్లీ పెట్టుకోవచ్చట. ఎందుకంటే లిఫ్టు గది లాంటిది, వరండా వీధి లాంటిది! అంటే హోదా రూల్ కాస్తా నెమ్మదిగా గది రూల్‌గా మారింది. అమెరికా ప్రతినిధుల సభ 1837లో లోపల టోపీలు నిషేధించింది. మతపరంగా తల కప్పుకునేవాళ్లకి వీలు కల్పిస్తూ 2019లో ఆ రూల్ మార్చారు. ఇన్నేళ్ల రూల్ కూడా మారుతుంది ఫ్రెండ్స్.

ఈసారి ఇండియన్ కాఫీ హౌస్‌కి వెళ్తే ఒకసారి చూడండి. విసనకర్రలా విప్పారిన కుచ్చుతో పాగా ఎవరి తల మీద ఉంటుంది? కాఫీ తెచ్చే ఆయన తల మీద. ఒకప్పుడు దర్బారుల్లో పరువుకి గుర్తు అయిన పాగా ఇప్పుడు వడ్డించేవాళ్ల యూనిఫాం. కూర్చుని తాగే మనం మాత్రం బోడి తలలతో ఉంటాం.

నా అభిప్రాయం ఇదీ. ఎవరింటికైనా వెళ్లి పెద్దవాళ్ల దగ్గర మనంతట మనం క్యాప్ తీస్తే అది మర్యాద, మనకి పోయేదేం లేదు. ఒక సిక్కు తలపాగానో, కీమోతో జుట్టు ఊడిన మనిషి క్యాప్‌నో తీయమంటే అది మర్యాద కాదు, పెత్తనం. తేడా టోపీలో లేదు. తీసేవాడికి "తీయను" అనే వీలుందా లేదా అనే దాంట్లో ఉంది. రేపు ఎక్కడైనా ఎవరైనా ఎవరినైనా "తీయండి" అంటుంటే ఈ ఒక్క ప్రశ్న గుర్తు చేసుకోండి.