దేవత లేని నది

దాని పేరు ఛీఛీ. మన చెవికి ఈసడింపులా తగిలే ఈ మాటను చైనా లిపిలో నీటి గుర్తు ఉన్న అక్షరంతో రాస్తారు. పిలిచినవాళ్ళకు అది ముద్దుపేరు. 1980 జనవరిలో, డాంగ్‌టింగ్ సరస్సు యాంగ్జీ నదిలో కలిసేచోట జాలర్లకు ఆ డాల్ఫిన్ దొరికింది. అప్పటికింకా పిల్ల. మెడ వెనక కొక్కేలు దిగి లోతైన పుండ్లు పడ్డాయి. వూహాన్‌లోని జలజీవశాస్త్ర సంస్థ వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి, నెలల తరబడి మందులు వేసి బతికించుకున్నారు. బతికి ఇరవై రెండేళ్ళు అక్కడే ఉంది. ఆ ఇరవై రెండేళ్ళలో బయట నదిలో దాని వాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

దాని జాతి పేరు బైజీ. తెల్లగా, సన్నటి పొడుగు ముక్కుతో, చూపు అంతంతమాత్రమైన చిన్న కళ్ళతో ఉండేది. యాంగ్జీ నీళ్ళు ఎప్పుడూ బురదే. అందులో కళ్ళతో పనేముంది? చెవులతోనే బతికే ప్రాణి అది. తాను చేసిన శబ్దం దేనికి తగిలి తిరిగి వచ్చిందో విని దారి తెలుసుకునేది, చేపను కనిపెట్టేది. ఇష్టం లేని పెళ్ళికి ఒప్పుకోలేదని కన్నతండ్రే ఏటిలో ముంచేసిన అమ్మాయి ఇలా తెల్ల డాల్ఫిన్ అయిందని ఒడ్డునున్నవాళ్ళు కథ చెప్పుకునేవాళ్ళు. యాంగ్జీ దేవత అని పిలిచేవాళ్ళు. 1918లో అమెరికా శాస్త్రవేత్త గెరిట్ మిల్లర్ దీనికి శాస్త్రీయ నామం పెడుతూ లిపోటీస్ అన్నాడు. గ్రీకులో దాని అర్థం ‘వెనక మిగిలిపోయినది’. రెండు కోట్ల ఏళ్ళకు పైగా వేరుగా నడిచివచ్చిన వంశంలో అదొక్కటే మిగిలిందిగా మరి.

1950ల చివర దేవత అన్న మాట పాతబడింది. తిండికి కరువైన ఆ రోజుల్లో మాంసం కోసం, తోలు కోసం కూడా చంపారు. అయినా దాన్ని అంతం చేసింది వేట కాదు. ఆ రోజులు పోయాక దాన్ని చంపాలని ఎవరూ అనుకోలేదు. నది అడుగున చేపల కోసం పరిచిన గాలాల తాళ్ళకు వందలకొద్దీ కొక్కేలుంటాయి. చేపను వెతుక్కుంటూ అడుగుకు వెళ్ళిన బైజీకి ఒక కొక్కెం గుచ్చుకుంటుంది. విదిలించుకోబోతే పక్కనున్నవన్నీ ఒంట్లో దిగుతాయి. గాలి కోసం పైకి రాలేక నీళ్ళలోనే ఊపిరాడక పోతుంది. 1970ల్లో, 80ల్లో లెక్కకు వచ్చిన చావుల్లో దాదాపు సగం ఇలాంటివే. తర్వాత నీళ్ళలోకి కరెంటు వదిలి చేపలు పట్టడం మొదలైంది. పడవల ప్రొపెల్లర్లు, ఆనకట్టలు, ఫ్యాక్టరీల మురికి వీటికి తోడయ్యాయి. 1980 ప్రాంతంలో నాలుగు వందలుంటాయని అంచనా వేసిన జాతి 1990కి రెండు వందలకు పడిపోయింది.

ఎవరూ పట్టించుకోలేదని అంటే అన్యాయమవుతుంది. పట్టించుకున్నా దక్కకపోవడమే నన్ను ఎక్కువగా బాధించేది. 1986 అక్టోబరులో వూహాన్‌లోనే ప్రపంచంలోని నది డాల్ఫిన్ల గురించి పెద్ద సమావేశం జరిగింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నిపుణులు, చైనా శాస్త్రవేత్తలు కలిసి కూర్చున్నారు. మన గంగానది డాల్ఫిన్ గురించీ అక్కడ మాట్లాడుకున్నారు. నదిలో వీటికి ఇక దిక్కులేదు, కొన్నింటిని పట్టి ప్రశాంతమైన నీళ్ళలోకి చేర్చి అక్కడ సంతతి పెంచాలని చైనా వాళ్ళు అప్పటికే అంటున్నారు. బయటివాళ్ళలో చాలామందికి మనసొప్పలేదు. పట్టడంలోనే కొన్ని చస్తాయి, పైగా నదిని వదిలేసుకున్నట్టవుతుంది, ముందు నదిని బాగుచేద్దామన్నారు. రెండు మాటల్లోనూ ప్రేమే ఉంది. తప్పు ఎవరిదని ఈ రోజు తేల్చడం నాకు చేతకాదు. కానీ ఆ వాదన దాదాపు ఇరవై ఏళ్ళు సాగింది. అన్నేళ్ళు వాదించుకునే వ్యవధి బైజీకి లేదు.

1989లో చైనా దాన్ని మొదటి శ్రేణి రక్షిత జంతువుగా ప్రకటించింది. అంతకు ముందు ఏడాది, 1988లో, యాంగ్జీ ఒడ్డునున్న టోంగ్‌లింగ్ వెళ్ళిన ఆంగ్ల రచయిత డగ్లస్ ఆడమ్స్ అక్కడ బైజీ పేరుతో బీరు అమ్మడం చూశాడు. పేరు ఊరంతా ఉంది, ప్రాణి మాత్రం కనబడటం అరుదైపోయింది.

ఛీఛీకి తోడు తేవాలని 1986లో మరో రెండింటిని పట్టారు. మగది రెండున్నర నెలల్లో పోయింది. చిన్న ఆడపిల్లను జెన్‌జెన్ అని పిలిచారు. ఛీఛీ, జెన్‌జెన్ ఒకే కొలనులో కలిసి ఈదాయి. పెళ్ళీడుకు రాకముందే, 1988లో, ఊపిరితిత్తుల జబ్బుతో జెన్‌జెన్ పోయింది. మళ్ళీ ఛీఛీ ఒంటరి.

ఇంకొక ప్రయత్నం జరిగింది. షిషౌ దగ్గర యాంగ్జీ ఒకప్పుడు వంకర తిరిగి పారేది. 1972లో నది దారి మార్చుకోగా ఆ వంక విడిపోయి, ఇరవై కిలోమీటర్ల పొడవున గుర్రపునాడా ఆకారంలో మిగిలింది. ఓడలుండవు, చేపలకు కొదవలేదు. పేరు టియెన్‌ఎజౌ. బైజీ కోసం 1992లో దాన్ని జాతీయ అభయారణ్యం చేశారు. ఏళ్ళ తరబడి వెతికి, 1995 డిసెంబరులో ఒక ఆడ బైజీని పట్టి అందులో వదిలారు. జతకు మరొకటి దొరకలేదు. మరుసటి వేసవిలో వరద వచ్చింది. డాల్ఫిన్లు నదిలోకి తప్పించుకుపోకూడదని కట్టిన వలలోనే ఆమె శవమై కనిపించింది. ఆ జాతికి మిగిలిన చివరి దారి ఆ వల దగ్గర మూసుకుపోయింది.

1997లో నది పొడవునా వెతికితే కనిపించినవి పదమూడు. 2001లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక బైజీ కడుపుతో ఉంది. 2002 జులై 14న ఛీఛీ కన్నుమూసింది.

అప్పుడు అందరూ కలిశారు. 2004లో మళ్ళీ వూహాన్‌లోనే కూర్చుని, మిగిలిన బైజీలను పట్టి టియెన్‌ఎజౌకు చేర్చాలని ఒప్పుకున్నారు. వూహాన్ సంస్థ, స్విట్జర్లాండ్‌లో ఆగస్ట్ ఫ్లూగర్ నెలకొల్పిన బైజీ ఫౌండేషన్, అమెరికా, జపాన్ నిపుణులు అందరిదీ ఒకే మాట. 1986లో చైనా వాళ్ళు వినాలనుకున్న మాట అది. 2006 నవంబరు 6న రెండు ఓడలు బయల్దేరాయి. యిచాంగ్, షాంఘైల మధ్య 1,669 కిలోమీటర్లను రానూపోనూ రెండుసార్లు గాలించాయి. పైన దుర్భిణులు పట్టుకుని కొందరు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. నీళ్ళలోకి మైకులు దించి మరికొందరు విన్నారు. దారిలో వేలకు వేల సరుకు ఓడలు ఎదురయ్యాయి. వినిపించింది ఇంజన్ల మోతే. డిసెంబరు 13న ప్రయాణం ముగిసేదాకా ఒక్క తెల్లటి వీపు పైకి లేవలేదు. మరుసటి ఏడాది ప్రచురించిన వ్యాసంలో ‘బహుశా అంతరించింది’ అని రాశారు. మనిషి చేతిలో తుడిచిపెట్టుకుపోయిన మొదటి డాల్ఫిన్ జాతి ఇదే. ఆ ‘బహుశా’ అన్న మాటను తీసేయడానికి చేతులు రానివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను వాళ్ళను తప్పుపట్టను.

2021 జనవరి 1 నుంచి యాంగ్జీలో పదేళ్ళు చేపల వేట ఆపేశారు. గాలాల తాళ్ళు ఒడ్డుకెక్కాయి. టియెన్‌ఎజౌలో ఇప్పుడు వీపు మీద రెక్కలేని చిన్న పోర్పస్‌లు సుమారు వంద ఉన్నాయి. ఆ నదిలో బైజీకి ఇరుగుపొరుగుగా బతికిన జీవులే. 1990లో కొన్నింటిని తెచ్చి వదిలితే, ఆ నిశ్శబ్దపు నీళ్ళలో పిల్లల్ని కని, పెంచుకుంటున్నాయి. అభయారణ్యం పేరులో మాత్రం ఇంకా బైజీ పేరే ఉంది.