గడపకు తగిలే పాదం: ఒక వాక్యానికి టీక

వాక్యం: పక్షవాతంతో వాలిన పాదాన్ని, నరానికి చుట్టిన తొడుగు అడుగడుక్కీ ఎత్తుతుంది.

పక్షవాతం: పక్షమంటే ఒక వైపు. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చినదైతే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపు పడాలి. నోరు వంకరపోగానే 108కి ఫోన్ చెయ్యండి. మా చీమకుర్తికి ఒంగోలు ఆస్పత్రి దగ్గరే. పసరు మందంటూ ఆ పూట పోగొట్టుకోవద్దు.

వాలిన పాదం: అడుగు తీసినప్పుడు వేళ్లు పైకి లేవవు, గడపకు తగులుతాయి. అందుకే మనిషి తుంటి ఎగదీసి, కాలిని కొడవలిలా బయటికి తిప్పి వేస్తాడు. గ్రానైట్ ముక్కలు పరుచుకున్న మా దారుల్లో అలా పది అడుగులు వేసినా ఆయాసమే.

నరం: ఈ వాక్యానికి గుండెకాయ ఈ మాట. మోకాలి కింద, బయటివైపు వేలితో తడిమితే గుండీలా ఒక ఎముక తగులుతుంది. పాదాన్ని ఎత్తే పెరోనియల్ నరం దాని వెనక నుంచి, చర్మానికి దగ్గరగా తిరిగి వస్తుంది. మిరప కళ్లంలో గంటల తరబడి గొంతుకూర్చుంటే ఇక్కడే నరం నలిగి పాదం వాలిపోవచ్చు. చూడటానికి ఈ వాలిన పాదమూ పక్షవాతపు పాదమూ ఒకటే, జబ్బులు వేరు. కళ్లంలో నలిగి దెబ్బతిన్నది నరమే, కాబట్టి కరెంటు అందించినా ఫలితం ఉండదు. పక్షవాతంలో నరమూ కండా బాగానే ఉంటాయి, మెదడు నుంచి కబురే రాదు. ఆ కబురును కరెంటుతో మనం పంపగలం. కాలు చచ్చిపోయిందని ఇంట్లోవాళ్లు అంటుంటే నాకు బాధేస్తుంది. అది చావలేదు.

తొడుగు: 1961లో లిబర్సన్ అనే వైద్యుడు చర్మం మీద నుంచే కరెంటిచ్చి పాదాన్ని లేపాడు. తర్వాత నరం దగ్గరే అమర్చేవి వచ్చాయి. డెన్మార్క్‌లో తయారైన యాక్టిగైట్‌లో 12 ఎలక్ట్రోడ్ల తొడుగు నరం చుట్టూ ఉంటుంది. పాదం లోపలికో బయటికో ఒరగకుండా నాలుగు చానెళ్లతో సర్దుతారు. లోపల బ్యాటరీ ఉండదు, శక్తి బయటి పెట్టె నుంచే.

అడుగడుక్కీ: మడమ లేవగానే దాని కింది స్విచ్ కబురిస్తుంది. ఇక్కడే నా ఆలోచన. మనం చెప్పులు బయట విడిచి గడప దాటుతాం. బూటులో పెట్టుకునే స్విచ్చూ, పాదం వాలకుండా బూటులో తొడిగే ప్లాస్టిక్ పట్టీ కూడా సరిగ్గా ఆ గడప దగ్గరే ఆగిపోతాయి. కాలి వాలును బట్టి అడుగును పసిగట్టే వాక్‌ఎయిడ్ వంటి పరికరం, చర్మం మీద కట్టుకునేదే అయినా, మన ఇళ్లకు ఎక్కువ నప్పుతుంది.

ఎత్తుతుంది: 2007లో నెదర్లాండ్స్‌లో 29 మందిని పరీక్షించారు. నరానికి రెండు చానెళ్ల పరికరం అమర్చినవారి నడక వేగం 23 శాతం పెరిగింది, మిగతావారిది 3 శాతం. చిన్న పరీక్షే. చర్మం మీది పరికరాన్నీ ప్లాస్టిక్ పట్టీనీ పోల్చిన 2013 నాటి పెద్ద పరీక్షలో 197 మంది పాల్గొన్నారు, రెండూ ఇంచుమించు సమానంగా తేలాయి. కాబట్టి పట్టీతో మొదలుపెట్టడం తక్కువ వైద్యం కాదు. తొడుగు అమర్చే కోతకు ముందు చర్మం మీద అతుకులు పెట్టి కరెంటిచ్చి, పాదం లేస్తుందో లేదో చూడమని డాక్టరును అడగండి.