క్రూడప్ పాట, క్రూడప్ హఖ్

ఎల్విస్ ప్రెస్లీ పేరు విననివాళ్ళు మనలో తక్కువ. ఆర్థర్ క్రూడప్ పేరు విన్నవాళ్ళూ అంతే తక్కువ. ఎల్విస్‌ని దునియాకి పరిచయం చేసిన మొదటి పాట ‘దట్స్ ఆల్ రైట్’ రాసింది ఈ క్రూడప్ సాబే.

ఈ పాట తారీఖ్ చెప్పేటప్పుడు చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: నల్లజాతి మనిషి పాటను తెల్లజాతి కుర్రాడు కాజేశాడని. అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి చోరీ అనే మాట రాసేముందు నాకు కొన్ని సవాళ్ళు అడగడం ఆదత్. పోయింది ఏమిటి? ఎవరి చేతి నుంచి పోయింది? ఎవరి చేతికి చేరింది? అలా అడిగితే ఈ కిస్సా ఇంకో తీరుగా కనిపిస్తుంది.

క్రూడప్ 1905లో అమెరికా దక్షిణాన, మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే ఊళ్ళో పుట్టాడు. కూలి పనులు చేసుకు బతికాడు. గిటారు పట్టేనాటికి వయసు ముప్పై దాటింది. 1940 ప్రాంతంలో షికాగో చేరాడు. రైలు వంతెన కింద ఒక పెద్ద చెక్కపెట్టెలో తలదాచుకుంటూ, వీధిలో పాడి చిల్లర పోగేసుకునేవాడు. అక్కడే లెస్టర్ మెల్‌రోజ్ అనే రికార్డుల వ్యాపారి కంటబడ్డాడు. 1941లో మొదటి రికార్డింగు జరిగింది. పాటల హక్కుల వ్యవహారమంతా మెల్‌రోజ్ చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1946 సెప్టెంబర్ 6న షికాగోలో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ కోసం ‘దట్స్ ఆల్ రైట్’ రికార్డయింది. గిటారు, బాస్, డ్రమ్ము, మూడే సాజ్‌లు. అమ్మానాన్న వద్దన్న అమ్మాయి మీద మనసు పడి, ఏమైతే అయిందిలే అనుకునే మగాడి పాట అది. అందులో కొన్ని మాటలు 1920లలో బ్లైండ్ లెమన్ జెఫర్సన్ పాడిన బ్లూస్‌లోనూ ఉన్నాయి. బ్లూస్‌లో అది చోరీ కాదు, రివాజ్. మన ఖవ్వాల్ ఒక కలాం పాడుతూ మధ్యలో ఇంకో షాయర్ షేర్‌ని గిరహ్‌గా కట్టడం లేదా? అలాంటిదే. 1949లో ఆర్‌సీఏ చిన్న సైజు 45 ఆర్‌పీఎం రికార్డులను బాజారులోకి తెచ్చినప్పుడు, నల్లవాళ్ళ సంగీతాన్ని నారింజ రంగు రికార్డుల మీద వేసింది. ఆ వరసలో మొట్టమొదటి నంబరు ఈ పాటదే.

ఇక మెంఫిస్ నగరం. 1954 జులై 5 రాత్రి. సామ్ ఫిలిప్స్ నడిపే సన్ స్టూడియోలో ముగ్గురున్నారు. ట్రక్కు నడిపి బతికే పందొమ్మిదేళ్ళ ఎల్విస్, గిటారిస్టు స్కాటీ మూర్, బాస్ వాయించే బిల్ బ్లాక్. నెమ్మది పాటలు ఒకటొకటిగా పాడి చూశారు, ఏదీ కుదరలేదు. కాసేపు ఆగినప్పుడు ఎల్విస్ సరదాకి క్రూడప్ పాట అందుకుని ఎగరడం మొదలుపెట్టాడు. మిగిలిన ఇద్దరూ కలిశారు. సామ్ తలుపు లోంచి తొంగిచూసి, మళ్ళీ మొదటి నుంచి పాడండి అన్నాడు. డ్రమ్ము లేదు. బాస్ తీగల్ని చేత్తో చరిచితే వచ్చే టకటకలే తాళం. టేపు యంత్రాలతో పుట్టించిన చిన్న ప్రతిధ్వని ఆవాజ్‌కి మెరుపు తెచ్చింది. నల్లవాళ్ళ బ్లూస్, పేద తెల్లవాళ్ళ కంట్రీ సంగీతం అలా కలిసిపోయాయి. ఈ తర్జ్‌కే తర్వాత రాకబిల్లీ అని పేరొచ్చింది. రాక్ అనే మాటకి, కొండప్రాంతపు పేద తెల్లవాళ్ళని వెక్కిరించే హిల్‌బిల్లీ అనే మాటని అతికిస్తే పుట్టిన పేరది.

కొద్ది రోజులకే మెంఫిస్ రేడియోలో డ్యూయీ ఫిలిప్స్ ఈ పాట వేశాడు. ఫోన్లు మోగిపోయాయి. అదే రాత్రి మళ్ళీ మళ్ళీ వేశాడు. ఎల్విస్‌ని పిలిపించి ఏ హైస్కూల్లో చదివావని అడిగాడు. బడి పేరు చెబితే చాలు, గాయకుడు తెల్లవాడని వినేవాళ్ళకి తెలిసిపోతుంది. నల్లపిల్లలకి, తెల్లపిల్లలకి వేర్వేరు బడులున్న కాలం. ఆ వేర్పాటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు ఫైసలా ఇచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

ఇప్పుడు రికార్డు లేబుల్ చూద్దాం. 1954 జులై 19న విడుదలైన సన్ 209 రికార్డు మీద పాట పేరు కింద ఆర్థర్ క్రూడప్ అనే ఉంది. పేరు దాచలేదు. చిన్నప్పుడు క్రూడప్‌ని విన్నానని ఎల్విస్ తర్వాత అఖ్బార్‌కి చెప్పాడు కూడా. పాట, పేరు ఎక్కడికీ పోలేదు. పోయింది పైసా.

ఎలా పోయింది? 1909 నాటి అమెరికా కానూన్ ప్రకారం అమ్ముడైన ప్రతి రికార్డుకి, ఒక్కో పాటకి 2 సెంట్లు హక్కుదారుకి చెందాలి. ఆ సొమ్ము ముందు పబ్లిషర్ దగ్గరికి వెళ్తుంది. పబ్లిషర్ సగం ఉంచుకుని మిగతా సగం రాసినవాడికి ఇవ్వడం రివాజ్. అంటే రాసినవాడి రోటీ పబ్లిషర్ ఈమాన్‌దారీ మీద, దస్తఖత్ పెట్టిన కాగితం మీద ఆధారపడి ఉంటుంది. క్రూడప్ దగ్గర ఆ దారి మూసుకుపోయింది.

అదే రికార్డు రెండో వైపు ‘బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ’ ఉంది. అది బిల్ మన్రో అనే తెల్లజాతి సంగీతకారుడి పాట. దాన్నీ ఎల్విస్ వేగం పెంచి, తీరు మార్చి పాడాడు. ఆ పాట మీద మన్రోకి చెక్కులు అందాయి. అవి గట్టి చెక్కులని ఆయనే తర్వాత ఖుషీగా చెప్పుకున్నాడు. ఒకే రికార్డు, ఒకే గాయకుడు, రెండు పాటలు. ఒకరికి ముట్టింది, ఒకరికి ముట్టలేదు. కాబట్టి లోపం పాడిన గొంతులో లేదు.

1955 నవంబర్‌లో ఎల్విస్ కాంట్రాక్టుని సన్ నుంచి 35,000 డాలర్లకి కొన్నది ఎవరో తెలుసా? క్రూడప్ పాటను మొదట విడుదల చేసిన ఆర్‌సీఏ విక్టరే. 1956లో ఎల్విస్ అక్కడ క్రూడప్ పాటలు ఇంకో రెండు పాడాడు. అప్పటికి క్రూడప్ విసిగిపోయి ఉన్నాడు. రికార్డింగులు మానేసి మళ్ళీ మజ్దూరీలోకి దిగాడు. వర్జీనియా పొలాల్లో కూలి చేశాడు, కూలీలను బండిలో చేరవేశాడు.

1960ల చివర్లో డిక్ వాటర్‌మన్ అనే మేనేజర్ ఆయన తరఫున హఖ్ కోసం కొట్లాడాడు. 1971లో 60,000 డాలర్ల దగ్గర రాజీ కుదిరింది. క్రూడప్ పిల్లలతో కలిసి న్యూయార్క్ వెళ్ళి కాగితాల మీద దస్తఖత్ చేశాడు. అవతలి పబ్లిషింగ్ కంపెనీ పెద్దమనిషి మాత్రం చేయనన్నాడు. ఖాళీ చేతులతో ఇంటికి తిరిగొచ్చిన క్రూడప్ 1974లో కన్నుమూశాడు. ఆ కంపెనీ చేతులు మారాక, ఆయన పోయాక, వారసులకి మొదటి పెద్ద చెక్కు వచ్చింది. రెండు లక్షల డాలర్లు దాటిన చెక్కు.

2004లో, యాభై ఏళ్ళ సందర్భంగా ఈ పాటను మళ్ళీ విడుదల చేస్తే బ్రిటన్‌లో మూడో స్థానానికి ఎక్కింది.

ఉర్దూ బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి నాకో మాట తోస్తుంది. హక్కు, రసీదు, బాకీ, దస్తావేజు, ఇవన్నీ మన జబాన్ దారిన తెలుగులోకి వచ్చిన మాటలే. లెక్క తేల్చే మాటలు మనకి కొత్త కాదు. మన ఇళ్ళల్లో పిల్లలు ఇప్పుడు పాటలు రాసి, పాడి ఫోన్ల ద్వారా లోకం మీదికి వదులుతున్నారు. పేరు వేస్తామని ఎవరైనా అంటే ఖుష్ అయిపోతారు. వాళ్ళ పక్కన కూర్చుని కాగితం చదవండి. పైసా ముందు ఎవరి చేతికి వెళ్తుందో, అక్కడి నుంచి తమకి ఎలా చేరుతుందో అడగమనండి. క్రూడప్ పేరు మొదటి రోజు నుంచీ లేబుల్ మీద ఉంది. ఆయన ఇంటికి పెద్ద చెక్కు రావడానికి మాత్రం ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటికి తీసుకోవడానికి ఆయన లేడు.