కాశీకి పోతే కాటికి: కొండ యాత్రలూ, బీమా కాగితమూ

కొల్లేటి ఒడ్డున ఎత్తుల్ని వేళ్ళ మీద లెక్కపెడతారు. మండవల్లి, కైకలూరు చుట్టుపక్కల ఎవర్నడిగినా ‘ఐదో కాంటూరు’ అంటే ఏమిటో చెబుతారు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించినప్పుడు సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న గీతనే హద్దుగా పెట్టారు. ఆ గీత లోపలి చేపల చెరువుల గొడవ ఇంకా తెమల్లేదు. అంత పల్లంలో పుట్టి పెరిగిన ఊపిరితిత్తులు మావి. వాటితోనే ఏటా వేసవిలో మా వైపు జనం 11,700 అడుగుల ఎత్తునున్న కేదారనాథ్‌కు బయల్దేరతారు.

కొన్నేళ్ళ క్రితం మా పిన్ని కూడా అలాగే వెళ్ళింది. వంటవాళ్ళు, బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలతో సహా బయల్దేరే యాత్ర బస్సు. పొద్దున గుప్తకాశీలో టిఫిను తిని, హెలికాప్టర్ ఎక్కి, నిమిషాల్లో కేదారంలో దిగింది. ఆ రాత్రి తలనొప్పి, ఆయాసం. తెల్లారేసరికి నాలుగడుగులు వేయలేకపోయింది. కిందికి దించి, డెహ్రాడూన్‌లో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచితే తేరుకుంది. ఇంటికొచ్చాక బీమా కాగితం పట్టుకుని వెళ్తే, ‘అమ్మా, ఇది ప్రమాద బీమా. మీకొచ్చింది జబ్బు. జబ్బు ప్రమాదం కాదు కదా’ అన్నారట. పిన్నికి ఆ తర్కం ఇప్పటికీ మింగుడు పడలేదు. నాకూ పడలేదు గానీ, ఆ మాట వెనక ఉన్న చరిత్ర ఏమిటో చూడాలనిపించింది.

బీమా అనే మాట ఫారసీ ‘బీమ్’ నుంచి వచ్చింది. బీమ్ అంటే భయం. ఆ భయానికి తెలుగువాళ్ళు పెట్టుకున్న సామెత ‘కాశీకి పోతే కాటికి పోయినట్టే’. తిరిగొస్తే సంతోషమే, రాకపోయినా ఇంట్లో వాళ్ళు సిద్ధంగా ఉండాలి. అందుకే పెద్దవాళ్ళు అప్పులు తీర్చి, పంపకాలు తేల్చి, అందరి దగ్గరా సెలవు తీసుకుని గడప దాటేవారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా చేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. వెంట దాదాపు వందమంది పరివారం. ఆయన హిమాలయాలు ఎక్కలేదు. కానీ ఆ కాలపు యాత్రకు రక్షణ ఏమిటో ఆయన ప్రయాణం చూస్తే తెలుస్తుంది: తోడు మనుషులు, దారి పొడుగునా మజిలీలు, అన్నిటికన్నా ముఖ్యంగా తొందర లేకపోవడం.

కొండయాత్రకు ఈ మూడోదే ప్రాణం. మోటారు రోడ్డు పడక ముందు బదరీ కేదారాలకు హృషీకేశ్ నుంచి వారాల తరబడి నడిచేవారు. దారిలో ‘చట్టీ’లనే మజిలీలుండేవి. రోజుకు కాస్త ఎత్తు ఎక్కడం, వండుకోవడం, పడుకోవడం. చలికీ, జారుడు దారికీ, విరేచనాలకూ చనిపోయినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ పైకి చేరేసరికి ఒళ్ళు ఆ గాలికి అలవాటు పడేది. నెమ్మదే వాళ్ళ మందు.

1962 చైనా యుద్ధం తర్వాత సరిహద్దు రోడ్లు పెరిగాయి, ఆ తర్వాత హెలికాప్టర్లు వచ్చాయి. వారాల దారి రోజులైంది, రోజుల దారి నిమిషాలైంది. కేదారంలో ఒక్కో శ్వాసకు దక్కే ప్రాణవాయువు మన ఊళ్ళో దక్కేదాంట్లో మూడింట రెండు వంతులే. పది వేల అడుగులు దాటాక పడుకునే చోటు రోజుకు 1,500 అడుగులకు మించి పెరగకూడదని పర్వత వైద్యుల లెక్క. గౌరీకుండ్ దాదాపు 6,500 అడుగులు. అక్కణ్ణుంచి నడిచినా, గుర్రమెక్కినా ఒకే రోజులో అయిదు వేల అడుగులకు పైగా ఎక్కేస్తున్నాం. హెలికాప్టర్ సంగతి చెప్పక్కర్లేదు. పాత ప్రమాదాలు తగ్గాయి, వాటి స్థానంలో వేగం కొత్త ప్రమాదమై కూర్చుంది.

మరి బీమా ఏం చేస్తోంది? మా ప్రాంతానికి బీమా కొత్తదేం కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ స్థాపించారు. 1956లో జీవిత బీమా జాతీయమైంది. ఇంటిపెద్ద పోతే సంసారం వీధిన పడకూడదన్నది ఆ బీమా లెక్క. కొండ మీద ఊపిరాడని మనిషిని బతికుండగా కిందికి దించడం ఆ లెక్కలో లేదు.

ఆ లెక్కలోకి కొండ వచ్చింది చావుల వల్లే. 1996 ఆగస్టులో అమర్‌నాథ్ దారిలో మంచు తుఫానుకు రెండు వందల మందికి పైగా చనిపోయారు. నితీశ్ సేన్‌గుప్తా కమిటీ వేశారు. యాత్రికుల సంఖ్యకు పరిమితి, ముందస్తు నమోదు వంటి కట్టుబాట్లు ఆ తర్వాత బిగిశాయి. 2012లో మళ్ళీ మరణాలు పెరిగితే సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఇవాళ ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే అమర్‌నాథ్ అనుమతి ఇవ్వరు. 1998 ఆగస్టులో మాల్పాలో కొండచరియ విరిగిపడి రెండు వందల మందికి పైగా పోయారు. వాళ్ళలో అరవై మంది కైలాస మానససరోవర యాత్రికులు. ప్రభుత్వం నడిపే ఆ యాత్రకు వెళ్ళేవాళ్ళు ఢిల్లీలో ఒకసారి, దారిలో గుంజి దగ్గర మరోసారి వైద్య పరీక్షలో నెగ్గాలి. అంతే కాదు, చైనా వైపు చనిపోతే అక్కడే దహనం చేయడానికి సమ్మతిస్తున్నామని సంతకం పెట్టాలి. మన తాతలు గడప దగ్గర నోటితో చెప్పిన మాటే ఇప్పుడు ఫారం అయింది.

2013 జూన్ 16, 17 తేదీల కేదార వరద మన వాళ్ళెవరూ మరిచిపోలేదు. వేలమంది తెలుగు యాత్రికులు కొండల్లో చిక్కుకున్నారు. వాళ్ళను ఎవరి విమానంలో ఎక్కించాలన్న దగ్గర మన నాయకులు డెహ్రాడూన్ విమానాశ్రయంలో తోసుకున్నారు. నెల తర్వాత ఉత్తరాఖండ్ ప్రభుత్వం 5,748 మంది ఆచూకీ లేదని చెప్పింది. శవం లేకపోతే చావుకు కాగితం లేదు, కాగితం లేకపోతే బీమా లేదు. సాక్ష్య చట్టం ప్రకారం కనపడని మనిషి చనిపోయాడని అనుకోవడానికి ఏడేళ్ళు ఆగాలి. అప్పుడు ప్రభుత్వం ఏడేళ్ళ దాకా చూడకుండా, తిరిగిరాని వాళ్ళను చనిపోయినట్టే భావించి పరిహారం ఇవ్వడం మొదలెట్టింది. హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ కూడా క్లెయిములు సులువుగా, త్వరగా తేల్చమని కంపెనీలకు చెప్పింది.

ఎంత ఆరితేరినవాళ్ళకైనా కొండ కొండే. నెల్లూరు జిల్లా గాంధీజనసంగం నుంచి వెళ్ళి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలెక్కిన మల్లి మస్తాన్ బాబు 2015 మార్చిలో ఆండీస్‌లో తప్పిపోయారు. రెండు దేశాల సరిహద్దులో వెతుకులాట జరిగింది. ఏప్రిల్ మొదట్లో మృతదేహం దొరికింది. ఊరికి చేరడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. వెతకడం, దించడం, తీసుకురావడం అనే మూడు పనుల ఖర్చు ఎవరిదన్నది కొండెక్కే ముందు అడగాల్సిన ప్రశ్న.

రైలు టికెట్టు కొన్నప్పుడు కొన్ని పైసలకు పది లక్షల ప్రమాద బీమా వస్తుంది. మండవల్లిలో ఎక్కినా ఎక్కడెక్కినా అది రైలు దిగేదాకే. యాత్రల నమోదుతో వచ్చేది కూడా మామూలుగా ప్రమాద బీమాయే. గుండెపోటు, ఊపిరితిత్తుల్లో నీరు అందులోకి రావు. కాబట్టి కాగితంలో నాలుగు సంగతులు చూసుకోవాలి: ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వర్తిస్తుందా, ఎన్ని అడుగుల దాకా, హెలికాప్టర్‌లో దించే ఖర్చు ఇస్తారా, పాత బీపీ, షుగరు చెప్పకపోతే ఏమవుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, తలనొప్పి మొదలైతే పైకి పోకుండా ఆగడం, తగ్గకపోతే వెంటనే కిందికి దిగడం మన పనే. ఆ పని ఏ కంపెనీ చేసిపెట్టదు.

ఈ ఏడు పిన్ని బదరీనాథ్ అంటోంది. వద్దని ఎవరం అనలేదు, అన్నా వినదు. యాత్ర బస్సువాళ్ళకు ఫోను చేసి తనే అడిగింది: ‘బాబూ, జోషీమఠ్‌లో రెండు రాత్రులు ఆపుతావా? ఆపితేనే డబ్బు కడతా.’