వంశపారంపర్యముగా వచ్చిన రివాల్వరు: పరీక్ష, విలువ

మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలో పాత యిండ్లను విప్పి క్రొత్తవి కట్టుకొనుచున్న కాలమిది. అట్టి సమయమున సందుగుపెట్టెల అడుగునుండి హాలీసిక్కా నాణెములు, పాత భూమి కాగితములు బయటపడుచుండును. ఒక్కొక్కచోట గుడ్డలో చుట్టిన రివాల్వరు కూడ బయటపడును. "ఇది మా ముత్తాతగారిది, దొర యిచ్చినది" అని యింటివారు చెప్పుకొందురు. అది అసలా, నకలా? దాని విలువ యెంత? ఈ ప్రశ్నలు వట్టి వినోదమునకైనవి కావు. అన్నదమ్ముల పంపకము, రాజ్యాంగపు చట్టము, వంశము పేరు అను మూడును వీనితో ముడిపడి యున్నవి.

ఇట్టి ఆయుధము మన పల్లెలకు వచ్చుట అసంభవము కాదు. 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదు దండు వెలసినది. దానికి ఉత్తరమున బొల్లారములో హైదరాబాదు కంటింజెంటు సేనలు విడిసియుండెడివి. ఆ కాలపు ఆంగ్ల అధికారులు పిస్తోళ్ళను తమ సొంత సొమ్ముతోనే కొనుక్కొనెడివారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ హైదరాబాదు రెసిడెన్సీపై దాడి చేసిరి. నాగపూరు బాట మేడ్చలుమీదుగా పోవుచుండెను. 1899-1901 సంవత్సరములలో గోదావరి లోయ రైలుమార్గము కూడ ఈ దిక్కుననే సాగినది. 1948 సెప్టెంబరు 13న పోలీసుచర్య మొదలై అయిదు దినములలో ముగిసినది. ఇన్ని కల్లోలముల నడుమ ఆయుధములు చేతులు మారుట సహజము. కాని రాగలుగుట వేరు. మన చేతిలోనున్న యీ వస్తువే ఆనాడు వచ్చెననుట వేరు. ఈ భేదమును మరువరాదు.

రివాల్వరు పుట్టుక కొంచెము తెలిసికొందము. అమెరికావాడైన శామ్యూల్ కోల్టు 1835లో ఇంగ్లండునందును, 1836లో తన దేశమునందును దానికి హక్కుపత్రములు పొందెను. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున తన ఆయుధములను చూపెను. 1853లో ఆ నగరమున కర్మాగారము తెరచి, 1856లో మూసివేసెను. ఇంగ్లండులో రాబర్టు ఆడమ్సు అనునతడు 1851లోనే తన రివాల్వరుతో అతనికి పోటీగా నిలిచెను.

కోల్టు 1851 నాటి "నేవీ" రివాల్వరునకు గొట్టము ఎనిమిది పలకలుగా నుండును. గుండ్లు నింపెడి చక్రముమీద ఓడల యుద్ధము చెక్కబడియుండును. ఆరు గదులలోను ఎదుటినుండి మందు, గుండు కూరి, వెనుక చిన్న రాగి టోపీలు తొడిగి పేల్చెడివారు. ఇత్తడి తూటాతో పేలెడి కోల్టు సైన్యపు రివాల్వరు 1873లో వచ్చినది. బ్రిటిషు సేన వెబ్లీని 1887లో స్వీకరించెను. దాని ఆరవ రకము 1915 నాటిది. కనుక వెనుకనుండి ఇత్తడి తూటా చొప్పించెడి కోల్టు సైన్యపు రివాల్వరును చూపి "ఇది 1857లో దొర పట్టినది" అన్నచో, ఆ మాట అక్కడనే వీగిపోవును.

నకళ్ళును ఒక్క తెగవి కావు. కోల్టు బ్రదికియున్న కాలముననే బెల్జియమునందలి లీయేజి నగరపు పనివారు అతని మాదిరిని చేసి అమ్మిరి. అవి నకళ్ళే యైనను పురాతనములు, నిజముగ పేలునవి. పెషావరునకు దక్షిణమున దర్రా ఆదమ్ ఖేల్ అను చోట పఠాను కమ్మరులు చేతితో ఆంగ్లపు తుపాకుల నకళ్ళు చేయుట ప్రసిద్ధము. అక్షరజ్ఞానము లేక ముద్రను చూచి చెక్కినందున వానిపై ఆంగ్లాక్షరములు తలక్రిందులుగనో, తప్పులతోనో ఉండుట కలదు. ఇటలీలో 1959లో స్థాపితమైన ఉబెర్తి సంస్థ పాత కోల్టు మాదిరి పేలునట్టి నకళ్ళను చేయును. స్పెయినునకు చెందిన మినోర్కా ద్వీపమున 1966లో మొదలైన డెనిక్సు సంస్థ గోడకు తగిలించుకొనుటకు పేలని నకళ్ళను పోతపోయును. నాటకసమాజములవారి కొయ్య పిస్తోళ్ళ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక పరీక్ష. మన తర్కశాస్త్రము ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను ప్రమాణములను చెప్పినది. ఇంటివారి కథ శబ్దము. చెప్పినవాడు ఆప్తుడైనను, అతడు తాను చూచినదే చెప్పెనా, విన్నది చెప్పెనా అని విచారింపవలయును. వస్తువుపై కంటికి కనబడునది ప్రత్యక్షము. కొండమీది పొగను చూచి నిప్పును ఊహించినట్లు, గుర్తును చూచి కాలమును నిర్ణయించుట అనుమానము. శబ్దమునకు ప్రత్యక్షము విరోధించినపుడు ప్రత్యక్షమునే నమ్మవలయును.

అన్నిటికి ముందు ఒక హెచ్చరిక. ఖాళీయని ఎవరు చెప్పినను దానిని నిండిన తుపాకిగనే భావింపుడు. నూరేండ్ల నాటి తుపాకిమందు కూడ రవ్వ తగిలిన పేలును. గొట్టమును ఎవరివైపును త్రిప్పకుడు, మీటను ముట్టకుడు, పిల్లల చేతికి ఈయకుడు. లోపల ఏమున్నదో తెలియనిచో లైసెన్సుగల తుపాకుల వర్తకునికో, పోలీసులకో తెలిపి వారిచేతనే చూపింపుడు.

ఖాళీయని వారు తేల్చిన పిదప నాలుగు సంగతులు చూడవలయును. మొదటిది లోహము: గొట్టమునకు అయస్కాంతము అంటనిచో అది ఇనుముగాని ఉక్కుగాని కాదు, తరచుగ జస్తుతో కూడిన పోతలోహము. ఇత్తడి భాగములకు అసలుదానియందును అయస్కాంతము అంటదు గనుక గొట్టముననే పరీక్షింపుడు. రెండవది అతుకు: అచ్చులో పోసినదానికి రెండు సగముల నడుమ సన్నని గీత నిలిచియుండును. మూడవది రంధ్రము: అసలు గొట్టములో మెలితిరిగిన గాడులు చివరవరకు సాగును, అలంకారపు నకలులో రంధ్రము కొంతదూరము పోయి మూసికొనియుండును. నాలుగవది ముద్ర: లండను, బర్మింగ్‌హాము, లీయేజి నగరములలో పరీక్షాలయములవారు కిరీటము మొదలగు గుర్తులను లోహములోనికి దిగగొట్టెడివారు. పోతతో ఉబికి వచ్చిన మొద్దు గుర్తు అట్టిది కాదు.

శామీరుపేట ప్రక్కనున్న యొక పల్లెలో ముగ్గురు అన్నదమ్ములు పంపకమునకు కూర్చుండి నన్ను పిలిపించిరి. 1857 నాటి రివాల్వరు లక్షలు చేయునని ఎవరో చెప్పగా, పెద్దవా రిద్దరు దానిని పది గుంటల భూమికి ఈడుగ కడపటివానికి ఈయదలచిరి. ముత్తాత బొల్లారములో దొరగారి గుఱ్ఱములకు సాయిసుగా ఉండెననియు, దొర సీమకు పోవుచు దానిని బహుమానముగ ఇచ్చెననియు కథ. నేను చూడగా గొట్టమునకు అయస్కాంతము అంటలేదు. అంచున అతుకుగీత స్పష్టముగ నున్నది. రంధ్రము రెండంగుళములు పోయి మూసికొన్నది. పిడినిపట్టిన మరమేకుల తలలపై కూడికగుర్తువంటి గాడి యున్నది. అట్టి మరమేకు 1930 తరువాతి దశకమున అమెరికాలో ఫిలిప్సు పేరిట వ్యాప్తికి వచ్చినది; 1857లో లేదు. మరమేకు ఒక్కటియే యైనచో తరువాత మార్చిరని అనవచ్చును. నాలుగు సాక్ష్యములును ఒక్కమాట చెప్పినపుడు సందేహమునకు తావులేదు.

పెద్దవారి ముఖములు వాడినవి. చిన్నవాడు మాత్రము "అయితే మా ముత్తాత కథ అబద్ధమా, పంతులుగారూ?" అని అడిగెను. ఆ పెట్టె అడుగుననే మడతలు చినిగిన ఆంగ్లపు చిట్టీ యొకటి యుండెను. అందు ముత్తాత పేరు, సాయిసు పని, బొల్లారము, అతని నమ్మకమును గూర్చి రెండు వాక్యములు, అధికారి సంతకము ఉన్నవి. కొలువు నిజమే; రివాల్వరు మాత్రము తరువాత వచ్చి ఆ కథలో చేరినది. భూమిని మూడు సమభాగములు చేసికొనిరి. చిట్టీకి నకళ్ళు తీయించి ముగ్గురును తలకొకటి ఉంచుకొనిరి.

విలువను గూర్చి చెప్పెదను. అలంకారపు నకలునకు బజారులోని అలంకారవస్తువు వెలయే వెల. అసలైనదైనను అరుదైనదని తలపరాదు. కోల్టు నేవీ రివాల్వర్లు రెండు లక్షలకు పైగా తయారైనవి. ముద్రలు, భాగముల అంకెలు ఒకటిగా ఉండుట, ఎవరిదో తెలుపు కాగితము, చెడని పైపూత అనువానినిబట్టి వెల హెచ్చును. చింతపండుతోను, గరుకు కాగితముతోను తోమి మెరపించినచో ఆ వెల నశించును. వెండిచెంబును తోమవచ్చును గాని చరిత్రను తోమరాదు.

చట్టమును తెలిసికొనుడు. 1959 నాటి ఆయుధముల చట్టముననుసరించి పేలగల తుపాకికి లైసెన్సు వలయును. తాతగారి లైసెన్సు మనుమనికి తానై రాదు. అట్టిది దొరకినచో ఆలస్యము చేయక ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని అప్పగించి రసీదు పొందవలయును. పాతబడి, మరమ్మతు చేసినను పేలజాలని ఆయుధమునకు ఆ చట్టపు 45వ సెక్షను మినహాయింపు ఇచ్చినది. కాని అది అట్టిదే యని మనకు మనమే తీర్పు చెప్పుకొనరాదు. నకలును పేలునట్లు మార్చుటకు 6వ సెక్షను ప్రకారము లైసెన్సు వలయును. నూరేండ్లు దాటిన చారిత్రకవస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టము వర్తించును. వానిని విదేశములకు అమ్మి పంపరాదు. నకలైనను పెండ్లి ఊరేగింపులలో త్రిప్పుట తగదు. దానిని చూపి ఒకరిని బెదిరించుట నేరమే.

నిజమైన పాత ఆయుధములు ఎట్లుండునో చూడదలచినవారు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమున ఆయుధముల శాలను దర్శింపుడు. 1951లో తెరచిన ఆ మ్యూజియములో ఒక్క పూట నిలిచినచో, వర్తకుని మాటలకు లొంగని కన్ను మీకు అలవడును.

కడపట ఒక్క మనవి. పెట్టెలో వస్తువు కనబడగనే వెల అడుగకుడు. దాని ప్రక్కనున్న కాగితములను, ఫోటోలను, గుడ్డపీలికను గూడ పారవేయక భద్రపరపుడు. ఇంటిలోని వృద్ధుడు చెప్పిన కథను, ఎవరు, ఎప్పుడు చెప్పిరో సహా వ్రాసియుంచుడు. వస్తువు నకలని తేలినచో సిగ్గుపడవలసిన పనిలేదు. తెలిసియు దానిని అసలని అమ్ముట, తోబుట్టువు వాటాకు ఈడుగ నిలుపుట సిగ్గుచేటు. తాతలు మనకిచ్చిన వస్తువులలో కొన్ని నకళ్ళు కావచ్చును. వారు నమ్మకముగ చేసిన కొలువును నకలని యెవ్వరును అనజాలరు.