బలవంతులూ సముద్ర న్యాయమూ: 17వ శతాబ్ది నెల్లూరు తీరం

ఉపోద్ఘాతం

యుద్ధానికి సంబంధించిన అంతర్జాతీయ న్యాయం బలమైన రాజ్యాలను కట్టడి చేయగలదా అన్న ప్రశ్నను సాధారణంగా భద్రతామండలి వీటో అధికారం నేపథ్యంలో చర్చిస్తారు. అయితే ఆ న్యాయశాస్త్రం రూపుదిద్దుకుంటున్న దశలోనే, ప్రళయకావేరి (పులికాట్) సరస్సు పరిసరాలలో ఈ ప్రశ్న ఆచరణలో ఎదురైంది. ఆనాటి పరిణామాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

స్వేచ్ఛా సముద్ర వాదం

16వ శతాబ్దిలో పోర్చుగీసువారు హిందూమహాసముద్రంపై ఆధిపత్యం ప్రకటించుకొని, తమ అనుమతిపత్రం లేని ఓడలను పట్టుకొనేవారు. 1603లో డచ్చి నౌకాధికారి హీమ్‌స్కర్క్ సింగపూర్ జలసంధి ప్రాంతంలో ‘శాంత కతరినా’ అనే పోర్చుగీసు ఓడను స్వాధీనం చేసుకున్నాడు. ఇది న్యాయసమ్మతమైన యుద్ధచర్యేనని సమర్థిస్తూ యువ న్యాయవాది హ్యూగో గ్రోషియస్ ఒక గ్రంథం రాశాడు. అందులోని ఒక అధ్యాయమే 1609లో ‘మారె లిబెరుమ్’ (స్వేచ్ఛా సముద్రం) పేరుతో వెలువడింది. సముద్రం ఎవరి సొత్తూ కాదని, వర్తక హక్కు అన్ని జాతులదని దాని సారాంశం.

పులికాట్ కౌలు

1610లో డచ్చివారు అరవీటి వెంకటపతిరాయల నుంచి పులికాట్‌లో వర్తకానికి అనుమతి పొందారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఆంగ్లేయ ఓడ అక్కడికి చేరగా, తమ ప్రభువు మారిస్ అనుమతి లేని ఐరోపావారెవరూ అక్కడ వర్తకం చేయరాదని రాయలు కౌలిచ్చాడంటూ డచ్చి అధికారి అభ్యంతరం చెప్పాడు. ఆ ఓడ నిజాంపట్నం, మచిలీపట్నాలకు సాగిపోయింది. అప్పటికి గ్రోషియస్ రచన వెలువడి రెండేళ్లే అయింది. 1612లో పోర్చుగీసువారు పులికాట్‌పై దాడి చేయగా, మరుసటి ఏడాది డచ్చివారు అక్కడ గెల్‌డ్రియా కోట కట్టారు. కౌలుకు ఫిరంగులు తోడయ్యాయి.

అదే 1613లో, సుగంధద్రవ్యాల దీవుల వర్తకంపై లండన్‌లో చర్చలు జరిగాయి. గ్రోషియస్ డచ్చి ప్రతినిధిగా పాల్గొన్నాడు. ఆంగ్లేయులు ‘స్వేచ్ఛా సముద్రం’ వాదాన్నే ఆయనపై ప్రయోగించారు. స్థానిక పాలకులతో కుదిరిన ఒప్పందాలను గౌరవించాలని ఆయన బదులిచ్చాడు. బలహీనపక్షంగా ఉన్నప్పుడు స్వేచ్ఛను ఆశ్రయించినవారు, బలం చేకూరాక ఒప్పందాన్ని ఆశ్రయించారు. ఫిర్యాదు చేసిన ఆంగ్లేయ కంపెనీ కూడా 1600లో రాణి ఇచ్చిన గుత్తాధిపత్య పత్రంతో పుట్టినదే.

దుగరాజపట్నం

1619లో ఉభయపక్షాలూ సంధి చేసుకున్నాయి. దాని ప్రకారం 1621లో ఆంగ్లేయులు పులికాట్‌లో వర్తకం ప్రారంభించినా, 1623 నాటికి అక్కడ నిలవలేక తప్పుకున్నారు. 1625లో గ్రోషియస్ ‘యుద్ధ, శాంతి న్యాయం’ వెలువడింది. ఆ మరుసటి ఏడాది ఆంగ్లేయులు దుగరాజపట్నంలో (ఆర్మగాన్) స్థావరం ఏర్పరచుకున్నారు. 1639-40లో మద్రాసుకు తరలివెళ్లేదాకా అదే వారి ఆశ్రయం. సంధిపత్రం చేతిలో ఉన్నా, కోట ఎవరిదో వారి మాటే చెల్లిందనడానికి నెల్లూరు తీరాన ఈ గ్రామం సాక్ష్యం.

మోటుపల్లి శాసనం

ఇదే తీరాన ఉత్తరంగా ఉన్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా హరించేవారని, నిర్ణీత సుంకం తప్ప తాను ఏమీ తీసుకోనని అందులో ప్రకటించాడు. ఇది యుద్ధ న్యాయం కాదు. కాని ఎవరి ఒత్తిడీ లేకుండా బలవంతుడే తన చేతికి హద్దు గీసుకున్న సందర్భం. దీనికి దయాధర్మాలతోపాటు, భయపడిన వర్తకుడు మరో రేవుకు పోతాడన్న ఎరుకా కారణమై ఉండవచ్చు. హిందూమహాసముద్ర రాజ్యాలకు ఐరోపా రాకకు ముందే తమవైన సముద్ర న్యాయ సంప్రదాయాలున్నాయని, మద్రాసు విశ్వవిద్యాలయంలో బోధించిన అలెగ్జాండ్రోవిచ్ 1967 నాటి గ్రంథంలో వాదించాడు.

ముగింపు

బలవంతులు న్యాయాన్ని పూర్తిగా విడిచిపెట్టరు. తమకు అనుకూలమైన సూత్రాన్ని ఎంచుకుంటారు. అయితే ఒకసారి పలికిన సూత్రాన్ని ఎదుటివారు తిప్పి ప్రయోగించగలరని లండన్ చర్చలు చూపాయి. ఇతరుల విశ్వాసం అవసరమైన చోట బలవంతుడు న్యాయానికి కట్టుబడతాడని మోటుపల్లి, అది అక్కరలేని చోట జారుకుంటాడని పులికాట్ తెలుపుతున్నాయి. కనుక అంతర్జాతీయ న్యాయాన్ని నిలబెట్టడమంటే నియమాలు రాయడం మాత్రమే కాదు. ఇతరుల విశ్వాసం లేకుండా మనగలిగే స్థితి ఏ రాజ్యానికీ రాకుండా చూడటం.