మన నది చివర యానాది స్త్రీలు

ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు సముద్రం పటంలో కనిపించే నీలిరంగు మాత్రమే. మన సుగాలీ తండాలకు, ఎరుకల వాడలకు దానితో పనేమిటని అనిపిస్తుంది. కానీ మంత్రాలయం పక్కగా పారే తుంగభద్ర కృష్ణలో కలిసి, దివిసీమలో హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. ఆ చివర మడ అడవుల్లో పీతలు పట్టి బతికేవాళ్లలో మనలాంటి గిరిజనులున్నారు. వాళ్లే యానాదులు. 2011 జనాభా లెక్కల ప్రకారం 5 లక్షలకు పైగా ఉన్నారు.

సముద్రజ్ఞానం అంటే పడవ నడపడమే అనుకుంటాం. పడవలు, పెద్ద వలలు ఎక్కువగా మత్స్యకార కులాలవి. యానాది స్త్రీకి చేతులు, కాళ్లే పనిముట్లు. పులికాట్ సరస్సులో, ఉప్పుటేరుల్లో నీళ్లలోకి దిగి, బురదను తడిమి రొయ్యలు పడుతుంది. దీనికి తిథి తెలియాలి. అమావాస్యకు, పున్నమికి పోటూ ఎక్కువే, పాటూ ఎక్కువే. నీరు బాగా వెనక్కి తీసి బురద బయటపడుతుంది. అష్టమి నాటికి ఆ తేడా తగ్గుతుంది. పోటు తిరిగేలోగా గట్టెక్కకపోతే ప్రాణానికే ముప్పు. పీత బొరియ ముందు మట్టి కొత్తగా తోడినట్టుంటే పీత లోపల ఉన్నట్టు. ఇవి తల్లి వెంట వెళ్లి కూతురు నేర్చుకునే పాఠాలు.

వల అన్నిటినీ ఊడ్చుకొస్తుంది, చెయ్యి ఒక్కొక్కటే తీస్తుంది. మడచెట్ల వేళ్ల మధ్యే రొయ్యపిల్లలు, పీతపిల్లలు పెరుగుతాయి కనుక మడ పోతే వీళ్ల కూడూ పోతుంది. ఆ చెట్లు అలల ఉరవడినీ తగ్గిస్తాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను తలుచుకుంటే వాటి విలువ తెలుస్తుంది.

ఇంత తెలిసినవాళ్లకు చరిత్ర ఏమిచ్చింది? 1835లో కంపెనీ ప్రభుత్వం శ్రీహరికోట పాలనను తన చేతికి తీసుకుంది. తరువాత నేరస్థ జాతుల చట్టం ఎరుకలతో పాటు యానాదులమీదా ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. దీవిలోని యానాది కుటుంబాలు ఇల్లూ అడవీ వదులుకోవలసి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి తొలి రాకెట్ ఎగిరింది. ఆ తేదీ మన పిల్లలకు చెబుతాం, ఖాళీ అయిన గుడిసెల సంగతి చెప్పం.

ఆపైన రొయ్యల చెరువులు తీరాన్ని కమ్ముకున్నాయి. పులికాట్, చిలక సరస్సులకు 1,000 మీటర్ల లోపు రొయ్యల పరిశ్రమ ఉండకూడదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చెరువు యజమానికి భూమి కాగితం ఉంటుంది. తరతరాలుగా ఆ నీటిలో ఏరుకు తింటున్న స్త్రీకి ఏ పట్టా ఉంది?

ఉపాధ్యాయ మిత్రులారా, తుంగభద్ర పాఠాన్ని మంత్రాలయం దగ్గర ఆపకండి. హంసలదీవి దాకా పటం మీద వేలు పెట్టి నడిపించండి. మన పత్తి చేలలో కొట్టిన మందు వాననీటితో వాగులో పడితే దిగువకే పోతుంది. ఆ దిగువన బురదలో చెయ్యి పెట్టి కూడు వెతుక్కునే ఆడమనిషి మనకు అక్కో, చెల్లెలో అవుతుందని పిల్లలకు తెలియాలి.